బీవైడీ సీల్‌ను జర్మనీ సెడాన్లతో పోల్చి చూడడం ఎలా? హైదరాబాద్‌లో కొనేవారికి ఒక పద్ధతి

"సీల్ తీసుకోవాలా, 3 సిరీస్ తీసుకోవాలా?" కొంతకాలంగా నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. బీఎండబ్ల్యూ 3 సిరీస్ స్థానంలో కొందరు మెర్సిడెస్ సీ-క్లాస్ అంటారు, కొందరు ఆడి ఏ4 అంటారు. సీల్ మాత్రం మారదు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే జవాబు రెండోవారికి పనికిరావడం లేదు. ఒకరి ఇంట్లో డ్రైవరు ఉంటాడు, ఇంకొకరి అపార్ట్‌మెంట్లో ఛార్జరు పెట్టుకోనివ్వరు, మరొకరికి నెలకు రెండుసార్లు విజయవాడ ప్రయాణం. అందుకే ఎవరికి వారు తేల్చుకునే పద్ధతిని వరుసగా రాస్తున్నాను. రెండు వారాంతాలు కేటాయిస్తే సరిపోతుంది. పెట్టేది యాభై అరవై లక్షలు కాబట్టి ఆ మాత్రం సమయం ఇవ్వడం న్యాయం.

చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. చైనా కంపెనీ బీవైడీ 2024 మార్చిలో సీల్ అనే ఈ ఎలక్ట్రిక్ సెడాన్‌ను మన దేశంలో విడుదల చేసింది. అప్పటి ఎక్స్-షోరూం ధర 41 లక్షల నుంచి 53 లక్షల వరకు. పైరకమైన పెర్ఫార్మెన్స్ శక్తి 530 హార్స్‌పవర్, సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3.8 సెకన్లు. 3 సిరీస్‌లో వేగవంతమైన రకం బీఎండబ్ల్యూ ఎం340ఐకి అదే పనికి 4.4 సెకన్లు పడుతుంది, ధర మాత్రం ఎంతో ఎక్కువ. కాగితం మీద చూస్తే పోటీ అక్కడితో ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ మీరు కాగితం మీద ప్రయాణం చేయరు.

బీవైడీ పేరు విని కొత్త కంపెనీ అని భయపడేవారికి ఒక మాట. 2019 నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఒలెక్ట్రా తయారుచేసినవి, వాటి వెనక ఉన్నది బీవైడీ సాంకేతికతే. మన ఊరి ఎండలు, వానలు ఆ బ్యాటరీలకు తెలియనివి కావు. అయితే అమ్మకాల తర్వాతి సేవ, రీసేల్ సంగతులు వేరు. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం. ఫోనులో రాసుకున్నా ఫర్వాలేదు, కానీ ప్రతి కారుకు ఒక పేజీ విడిగా ఉండాలి.
- కొలత టేపు.
- మీ ఇంటి గత ఏడాది కరెంటు బిల్లులు, మీ మీటరుకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో తెలిపే వివరం.
- నెలకు సగటున ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ఒక అంకె. అంచనా వేయకండి, ఇప్పుడున్న కారు సర్వీసు బిల్లుల్లో మీటరు రీడింగులు ఉంటాయి, వాటి నుంచి తీయండి.
- వెనక సీట్లో ఎక్కువగా కూర్చునే మనిషి. అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు. ఈ మనిషి లేకుండా టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లకండి.
- డ్రైవింగ్ లైసెన్సు, ఒక ఆదివారం ఉదయం, ఒక పనిదినం సాయంత్రం.

1. ఏ రకాన్ని ఏ రకంతో పోల్చాలో తేల్చుకోండి

సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. సీల్‌లో మూడు రకాలు ఉన్నాయి. డైనమిక్‌లో 61.44 కిలోవాట్-అవర్ బ్యాటరీ, 204 హార్స్‌పవర్. ప్రీమియంలో 82.56 కిలోవాట్-అవర్ బ్యాటరీ, 313 హార్స్‌పవర్. ఈ రెండింటిలో వెనక చక్రాలే నడుస్తాయి. పెర్ఫార్మెన్స్‌లో అదే పెద్ద బ్యాటరీతో నాలుగు చక్రాలూ నడుస్తాయి.

శక్తిని బట్టి పోలిస్తే డైనమిక్‌కు జోడీలు మెర్సిడెస్ సీ 200, ఆడి ఏ4. రెండూ 204 హార్స్‌పవర్ కార్లే. 258 హార్స్‌పవర్ ఉన్న బీఎండబ్ల్యూ 330ఎల్ఐ (పొడవాటి 3 సిరీస్), మెర్సిడెస్ సీ 300 ప్రీమియంకు దగ్గరగా నిలుస్తాయి. పెర్ఫార్మెన్స్‌ను నిలదీయగలిగింది 374 హార్స్‌పవర్, ఆరు సిలిండర్ల ఎం340ఐ మాత్రమే. ఎలక్ట్రిక్‌తో ఎలక్ట్రిక్‌నే పోల్చాలనుకుంటే బీఎండబ్ల్యూ ఐ4 ఉంది.

నా సలహా: ఒక్క జోడీని ఎంచుకోండి, ఎక్కువైతే మూడు కార్లు. డైనమిక్ ధర ఒక చేత, పెర్ఫార్మెన్స్ వేగం ఇంకో చేత పట్టుకుని మాట్లాడేవారి మాట వినకండి. ఆ రెండూ కలిసి ఒకే కారులో దొరకవు.

వయసు కూడా ఒక గడిలో రాసుకోండి. ఇప్పుడున్న తరం ఏ4 2015లో బయటికి వచ్చింది, యూరప్‌లో 2024లోనే కొత్త ఏ5 దాని స్థానాన్ని తీసుకుంది. 3 సిరీస్ ప్రస్తుత తరం 2018 నాటిది, సీ-క్లాస్‌ది 2021, సీల్ 2022లో చైనాలో మొదలైంది. పాత తరం అంటే చెడ్డదని కాదు. లోపాలు సరిదిద్దుకున్న కారు అది, ధర మీద గట్టిగా బేరమాడే అవకాశమూ ఉంటుంది. కానీ మీరు కొన్న రెండేళ్లకే కొత్త తరం వస్తే రీసేల్ మీద ఆ దెబ్బ పడుతుంది.

2. కొటేషన్లను ఒకే మూసలో రాయించుకోండి

ప్రతి షోరూం తనకు నచ్చిన తీరులో లెక్క రాసిస్తుంది. మీరు మాత్రం ఈ వరుసలు విడివిడిగా కావాలని అడగండి: ఎక్స్-షోరూం ధర, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా, టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను), పొడిగించిన వారంటీ, సర్వీసు ప్యాకేజీ, ఉపకరణాలు, తగ్గింపు.

హైదరాబాద్‌లో కొనేవారికి అతిపెద్ద తేడా పన్ను దగ్గర వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ఆ ఉత్తర్వు గడువు 2026 డిసెంబరు 31. పెట్రోలు కారు విషయానికొస్తే, 20 లక్షలు దాటిన కారుకు పన్ను 18 శాతానికి తగ్గదు. ఆ లెక్కన వేసుకున్నా 60 లక్షల కారుకు 10 లక్షల 80 వేలు. ఇంట్లో ఇప్పటికే మీ పేరు మీద కారు ఉంటే రెండో కారుకు అదనం పడుతుందేమో కూడా అడగండి. జీఎస్టీ ఎక్స్-షోరూం ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు కార్లకు 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. అంతకుముందు రాయించుకున్న పాత కొటేషన్ చేతిలో ఉంటే అది చెల్లదు, కొత్తది తీసుకోండి.

పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. ఇది పోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కాబట్టి కారు ఖర్చులో కలపకండి.

హెచ్చరిక: గడువు చివరి రోజుల్లో బుక్ చేసుకుంటే మినహాయింపు దక్కుతుందన్న హామీ లేదు. లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రేషన్ తేదీ. సీల్ పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కారు, ఓడ ఆలస్యమైతే డెలివరీ కూడా ఆలస్యమవుతుంది. పన్ను పడితే ఎవరు భరిస్తారో బుకింగ్ పత్రం మీదే రాయించుకోండి. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయించేవారికి ఈ మినహాయింపు వర్తించదు, అక్కడి నిబంధనలు విడిగా చూసుకోవాలి.

3. షోరూంకు వెళ్లే ముందు మీ సెల్లార్ చూడండి

వరుస తప్పింది అనుకోకండి. ఇంట్లో ఛార్జింగ్ కుదరకపోతే సీల్ గురించి మిగతా దశలన్నీ వృథా.

సొంత ఇల్లయితే పని తేలిక. 7 కిలోవాట్ల ఛార్జరుకు సుమారు 32 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. మీకు మంజూరైన లోడు 5 కిలోవాట్లే అయితే ముందు విద్యుత్ సంస్థలో లోడు పెంపుకు దరఖాస్తు చేయండి. నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించండి, ఛార్జరుకు విడిగా బ్రేకర్ పెట్టించండి. 82.56 కిలోవాట్-అవర్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే ఈ ఛార్జరుతో నిండడానికి పన్నెండు, పదమూడు గంటలు పడుతుంది. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవారికి రాత్రి రెండు గంటలు చాలు.

అపార్ట్‌మెంట్లో ఉంటే అసోసియేషన్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. "పెట్టుకోండి, ఎవరు వద్దంటారు" అన్న నోటిమాట కార్యవర్గం మారగానే చెల్లకుండా పోతుంది. మీటర్ల గది నుంచి మీ పార్కింగ్ వరకు కేబుల్ ఎన్ని మీటర్లో కొలవండి, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు. అనుమతి రాకపోతే ప్రత్యామ్నాయం ఆఫీసులో ఛార్జింగ్. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసు భవనాల్లో ఈ సదుపాయం ఉన్నవి చాలానే ఉన్నాయి. పూర్తిగా బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడాల్సి వస్తే పెట్రోలు కారు వైపు మొగ్గడమే మేలని నా అభిప్రాయం.

ఇక సెల్లార్ ర్యాంపు. ఇది అన్ని కార్లకూ పరీక్షే. సీల్ వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, 2,920 మిల్లీమీటర్లు. మన దేశంలో అమ్మే పొడవాటి 3 సిరీస్‌ది 2,961. సీ-క్లాస్‌ది 2,865. చక్రాల మధ్య దూరం పెరిగిన కొద్దీ ర్యాంపు పైఅంచు దగ్గర, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు పొట్ట తగిలే ప్రమాదం పెరుగుతుంది. సీల్‌లో ఆ పొట్ట దగ్గరే బ్యాటరీ ఉంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్ కారును మీ ఇంటికి రప్పించమని అడగండి. చాలా షోరూంలు ఒప్పుకుంటాయి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టి ర్యాంపు దింపి, ఎక్కించి చూడండి. ఒకరు బయట వంగి చూడాలి. తగిలితే అక్కడితో ఆగండి, ర్యాంపును తిరిగి కట్టించడం మీ ఒక్కరి చేతిలో ఉండదు.

4. కారు కదలకముందే వెనక సీటు పరీక్షించండి

హైదరాబాద్‌లో ఈ ధర కార్లు కొనేవారిలో చాలామంది ఇళ్లలో డ్రైవర్లు ఉంటారు. అయినా టెస్ట్ డ్రైవ్‌లో అందరూ ముందు సీట్లోనే కూర్చుని వస్తారు.

పెద్దవాళ్లను వెనక తలుపు తీసుకుని స్వయంగా కూర్చోమనండి. మీరు సాయం చేయకండి. తల పైకప్పుకు తగిలిందా, మోకాలు మడిచేటప్పుడు ముఖం చిట్లించారా, లేచేటప్పుడు తలుపును పట్టుకుని ఊతం తీసుకున్నారా అన్నది గమనించండి. తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోనివ్వండి. మొదటి రెండు నిమిషాల్లో ఏ కొత్త సీటైనా బాగానే ఉంటుంది.

సీల్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది తొడల కింది ఆనుపు. బ్యాటరీ వల్ల నేల కాస్త ఎత్తులో ఉంటుంది. కాళ్లు చాపుకోవడానికి చోటు పుష్కలంగా ఉన్నా, మోకాళ్లు పైకి లేచి తొడలు సీటుకు ఆనకుండా ఉండవచ్చు. సీటు అంచుకూ తొడకూ మధ్య మీ అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా దూరితే శ్రీశైలం ప్రయాణంలో ఆ మనిషికి నడుము నొప్పి తప్పదు. పొడవాటి 3 సిరీస్‌లో వెనక సీటు ఈ విషయంలో బాగుంటుంది. సీ-క్లాస్ మెత్తన ఎక్కువ, చోటు తక్కువ. ఏ కారులోనూ వెనక మధ్యలో మూడో మనిషికి నిజమైన సుఖం ఉండదు. పెట్రోలు కార్లలో కాళ్ల మధ్య గట్టు అడ్డం వస్తుంది, సీల్‌లో నేల చదునుగా ఉంటుంది.

పైకప్పు అద్దం సంగతి మర్చిపోకండి. సీల్ పైకప్పు అంతా అద్దమే. మొదట వచ్చిన కార్లలో లోపలి తెర లేదు. మీరు చూస్తున్న కారులో తెర ఉందో లేదో చూడండి, ఉంటే వేసి చూడండి. మే నెల మధ్యాహ్నం కారు ఎండలో గంటసేపు నిలబెట్టి, ఏసీ వేసి, వెనక కూర్చున్నవారి తలకు ఎంతసేపట్లో చల్లదనం తగిలిందో చూడడం కన్నా మంచి పరీక్ష లేదు. వేసవి కాకపోతే కనీసం మధ్యాహ్నం పన్నెండు తర్వాత వెళ్లండి.

డిక్కీ తెరవండి. సీల్‌లో 400 లీటర్లు, ముందు బానెట్ కింద ఇంకొక చిన్న అర. స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్టు మాత్రమే ఇస్తున్నారా, ఉంటే డిక్కీలో ఎంత చోటు తింటోంది, ఇవి ప్రతి కారులోనూ చూడండి. పెద్ద సూట్‌కేసు ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్లి పెట్టి చూస్తే బ్రోచర్ అంకెలతో పని ఉండదు.

స్క్రీన్లు, రంగుల దీపాలు, స్పీకర్లు చూడడానికి అయిదు నిమిషాలు చాలు. అవి ఎవరి ఇష్టం వారిది.

5. ఒకే దారి, ఒకే రోజు, ఒకే వరుస

షోరూం వారు చూపించే దారిలో వెళ్లకండి. అది నున్నటి రోడ్డు, చిన్న చుట్టు. దారి మీరే నిర్ణయించండి. పడమటి వైపు ఉండేవారికి ఈ దారి బాగా పనిచేస్తుంది: జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి రోడ్డు నంబరు 45, దుర్గం చెరువు కేబుల్ వంతెన, అక్కడి నుంచి బయోడైవర్సిటీ కూడలి, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పోలీసు అకాడమీ దగ్గర దిగి, తిరుగు ప్రయాణంలో సర్వీసు రోడ్డు. ఇందులో వాలు ఉంది, రద్దీ ఉంది, వంతెన అతుకులున్నాయి, వేగం ఉంది, గతుకులున్నాయి. తూర్పు వైపు ఉండేవారు ఉప్పల్ దగ్గర మొదలుపెట్టి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కవచ్చు.

బయల్దేరే ముందు రెండు పనులు చేయండి. టైర్లలో గాలి ఎంతుందో డ్యాష్‌బోర్డు మీద చూసి, తలుపు పక్కన అతికించిన పట్టికతో పోల్చండి. గాలి ఎక్కువైతే ఏ కారైనా గతుకుల్లో కుదుపుతుంది. తర్వాత డ్రైవింగ్ మోడ్‌ను అన్ని కార్లలోనూ కంఫర్ట్‌లోనే పెట్టండి.

గతుకుల మీద. 30 కిలోమీటర్ల వేగంతో ఒకే గుంత మీదుగా మూడు కార్లనూ నడపండి. కారు కిందికి దిగడం కన్నా పైకి లేచాక ఎలా స్థిమితపడిందో గమనించండి. ఒక్క ఊపుతో నిలబడితే సస్పెన్షన్ మంచి పనితనం. రెండు మూడు ఊపులు ఊగితే వెనక కూర్చున్న పిల్లలకు ఘాట్ రోడ్లో కడుపు తిప్పుతుంది. మంచి నీళ్ల సీసా సగం నింపి కప్ హోల్డర్‌లో మూత తీసి పెట్టండి. ఒకే గుంత దగ్గర ఒక కారులో నీళ్లు అంచు దాకా ఎగిరి, ఇంకో కారులో కదిలీ కదలనట్టు ఉంటే, ఆ తేడాను ఏ సమీక్షా అంత స్పష్టంగా చెప్పలేదు. పాత కంపెనీల దశాబ్దాల అనుభవం కనిపించేది ఇక్కడే. అందరూ ఇంజను శక్తి గురించి మాట్లాడతారు గానీ, మోటారు శక్తిని డబ్బుతో కొనుక్కోవచ్చు, సస్పెన్షన్ కుదురు మాత్రం ఏళ్ల తరబడి సరిచేసుకుంటూ పోతేనే వస్తుంది. సీల్ ఇందులో తేలిపోతుందని కాదు, పరీక్ష పెట్టాల్సింది ఇక్కడే అంటున్నాను.

రద్దీలో. బయోడైవర్సిటీ నుంచి గచ్చిబౌలి వరకు సాయంత్రం ఆరు గంటలకు వెళ్లండి. సీల్‌లో యాక్సిలరేటర్ వదలగానే కారు తనంతట తానే నెమ్మదించి బ్యాటరీకి విద్యుత్తు పంపుతుంది. ఆ తీవ్రతను సెట్టింగుల్లో మార్చి రెండు రకాలుగానూ నడపండి. తల ముందుకు ఊగుతోందా అని వెనకవారిని అడగండి. పెట్రోలు కారులో చూడాల్సింది గేరు మారేటప్పటి చిన్న కుదుపు, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగి మళ్లీ అందుకునే తీరు. రద్దీలో ఎలక్ట్రిక్ కారు నిశ్శబ్దం నిజంగా పెద్ద సుఖం, దాన్ని తక్కువ అంచనా వేయకండి.

బ్రేకు. సర్వీసు రోడ్డు ఖాళీగా ఉన్నచోట, వెనక ఎవరూ లేరని చూసుకుని, 50 వేగం నుంచి నెమ్మదిగా ఆపండి, తర్వాత గట్టిగా ఆపండి. పెడల్ నొక్కిన దానికి తగ్గట్టే కారు ఆగుతోందా, ముందు మెత్తగా ఉండి చివర్లో ఒక్కసారిగా పట్టుకుంటోందా? మూడుసార్లు ఆపితే మీ కాలే చెబుతుంది.

6. ఔటర్ మీద ఏం చూడాలి

ఔటర్ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. అది దాటాల్సిన అవసరం ఏ పరీక్షకూ లేదు. 3.8 సెకన్ల పరుగును ఔటర్ మీద గానీ, నగరంలో గానీ ప్రయత్నించకండి. 530 హార్స్‌పవర్ కాలి కింద ఉన్నప్పుడు అలవాటు లేనివారు తేరుకునేలోపే ముందున్న లారీ దగ్గరికి వచ్చేస్తుంది. ఇది బెదిరించడానికి రాస్తున్న మాట కాదు, దయచేసి పాటించండి.

మీకు రోజూ అక్కరకొచ్చేది 60 నుంచి 100కి అందుకునే సమయం. దారి ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చున్నవారు స్పీడోమీటరును ఫోనులో వీడియో తీయాలి. ఇంటికొచ్చి సెకన్లు లెక్కపెట్టండి. నడిపేవారు ఫోను ముట్టుకోకూడదు. ఇక్కడ సీల్ పెర్ఫార్మెన్స్ అందరినీ వెనక్కి నెట్టేస్తుంది. ప్రీమియం, 330ఎల్ఐల మధ్య తేడా మాత్రం మీకు అక్కరకొచ్చేంత ఉందో లేదో మీ వీడియోలే చెప్పాలి.

100 దగ్గర నిలకడగా నడుపుతూ రెండు విషయాలు గమనించండి. స్టీరింగ్‌ను చిన్న చిన్నగా సరిచేస్తూ ఉండాల్సి వస్తోందా? వంతెన అతుకుల మీద కారు తేలినట్టు అనిపిస్తోందా? 3 సిరీస్ పేరు తెచ్చుకున్నది ఈ స్థిరత్వం వల్లే. శబ్దం కొలవడానికి ఒకే ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి, వెనక సీటు మధ్యలో ఉంచి, ఒకే వేగంలో కొలవండి. ఫోను మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు.

7. రేంజి, మైలేజీ లెక్క

ప్రకటనలో కనిపించే రేంజి, అంటే ఒక్క ఛార్జ్‌తో వెళ్లే దూరం, ఏ పరీక్ష ప్రకారమో చూడండి. సీల్ ప్రీమియంకు ఇక్కడ చెప్పే 650 కిలోమీటర్లు పాత ఎన్ఈడీసీ పద్ధతి అంకె. యూరప్‌లో అమలులో ఉన్న, మరింత కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతిలో అదే కారుకు 570. కారు ఒక్కటే, అంకెలు రెండు.

మీ అంకె మీరు తీయండి. ట్రిప్ మీటరును సున్నా చేసి కనీసం 40, 50 కిలోమీటర్లు తిరగండి. వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు (కిలోవాట్-అవర్లు) ఖర్చయ్యాయో తెర మీద వస్తుంది. వందను ఆ అంకెతో భాగించండి. 17 యూనిట్లు చూపిస్తే యూనిట్‌కు 5.9 కిలోమీటర్లు. ఛార్జింగ్‌లో పోయే విద్యుత్తుకు పది శాతం కలపండి.

ఉదాహరణకు నెలకు 1,200 కిలోమీటర్లు, యూనిట్‌కు 6 కిలోమీటర్లు వస్తే 200 యూనిట్లు, వృథాతో కలిపి 220. పెద్ద ఇళ్లలో పైశ్లాబు ప్రకారం యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 2,200. పెట్రోలు కారు నగరంలో లీటరుకు 10 ఇస్తే 120 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున 12,840. నెలకు పదివేల పైచిలుకు తేడా, అయిదేళ్లకు ఆరు లక్షలు దాటుతుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగేవారికి ఈ తేడా మూడో వంతుకు పడిపోతుంది. ఇంధన ఆదా కోసం మాత్రమే సీల్ కొంటామనేవారు ముందు తమ కిలోమీటర్లు చూసుకోవాలి.

పెట్రోలు కారులో ట్రిప్ కంప్యూటర్ మైలేజీని కాస్త ఎక్కువగానే చూపిస్తుంటుంది. ఆ కారు నడుపుతున్న ఇద్దరు ముగ్గురిని నగరంలో ఎంత వస్తోందో అడగండి.

8. సర్వీసు, వారంటీ, రీసేల్

సీల్‌కు కారు మీద 6 ఏళ్లు లేదా 1.5 లక్షల కిలోమీటర్లు, బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. జర్మనీ కంపెనీల మామూలు వారంటీ రెండు మూడేళ్లు, మిగతాది డబ్బు కట్టి పొడిగించుకోవాలి. ఇక్కడ కొత్త కంపెనీదే పైచేయి. కానీ వారంటీ ఉండడం వేరు, విడిభాగం దొరకడం వేరు. 3 సిరీస్ చెన్నైలో, సీ-క్లాస్ పుణె దగ్గర చాకణ్‌లో కూర్చబడతాయి. సీల్ మొత్తంగా దిగుమతి అవుతుంది.

అందుకని సర్వీసు సెంటర్‌కు నేరుగా వెళ్లండి, అమ్మకాల విభాగానికి కాదు. ముందు బంపర్, ముందు అద్దం, ఎడమ హెడ్‌లైటు: ఈ మూడింటి ధర, ఎన్ని రోజుల్లో వస్తాయన్నది అడిగి రాసుకోండి. బయట నిలబడి సర్వీసుకు వచ్చిన యజమానులతో మాట్లాడండి. ఒక్క మాట అడగండి: "కారు ఇక్కడ ఎక్కువగా ఎన్ని రోజులు ఆగింది?" మూడు జవాబులు వింటే విషయం తెలిసిపోతుంది.

బీమాలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల పేరుతో పరిహారం కోయని రక్షణ)తో పాటు బ్యాటరీకి విడిగా రక్షణ తీసుకోండి. వాన నీళ్లు నిలిచిన చోట్లకు ఏ సెడాన్‌నూ దింపకండి, పెట్రోలు కారులో ఇంజను, ఎలక్ట్రిక్ కారులో ఇతర భాగాలు నష్టపోతాయి.

రీసేల్ విషయంలో నిజాయితీగా చెప్పాలంటే, జర్మనీ కార్లకు మూడేళ్ల, అయిదేళ్ల ధరలు మార్కెట్లో కళ్లముందు ఉంటాయి. సీల్‌కు అంత చరిత్ర ఇంకా ఏర్పడలేదు. దీనికి నేను చెప్పే ఉపాయం: రోడ్డు పన్నులో మిగిలిన పది లక్షలను మిగులుగా చూడకండి, రీసేల్ నష్టం కోసం పక్కన పెట్టిన సొమ్ముగా లెక్కవేయండి. అలా వేశాక కూడా సీల్ గిట్టుబాటుగా కనిపిస్తే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటు ఉన్నవారు జర్మనీ వైపు, ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారు సీల్ వైపు మొగ్గడం సబబు.

తరచుగా జరిగే పొరపాట్లు

వేగవంతమైన కారును చివర నడపడం. దాని ముందు నడిపినదంతా మర్చిపోతారు. మొదటి రోజు ఒక వరుసలో నడిపితే రెండో రోజు వరుస తిప్పండి.

భద్రతా రేటింగును నక్షత్రాలతో తేల్చేయడం. యూరప్ భద్రతా పరీక్ష యూరో ఎన్‌క్యాప్‌లో నాలుగింటికీ అయిదు నక్షత్రాలే, కానీ ఏ4ది 2015, 3 సిరీస్‌ది 2019, సీ-క్లాస్‌ది 2022, సీల్‌ది 2023. ఏటికేడు పరీక్ష కఠినమవుతుంది, పాత అయిదూ కొత్త అయిదూ సమానం కావు. పైగా పరీక్షించిన కారులోని పరికరాలన్నీ మీరు కొంటున్న రకంలో ఉన్నాయో లేదో చూడాలి.

బ్యాటరీని ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆపాలన్న సలహాను సీల్‌కు పాటించడం. ఇందులోని బ్లేడ్ బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, దాన్ని అప్పుడప్పుడు పూర్తిగా నింపితేనే మిగిలిన ఛార్జ్ ఎంతో తెర మీద సరిగ్గా తెలుస్తుంది.

బంధువు ఒకరు చెప్పిన మాటతో నిర్ణయం తీసుకోవడం. ఆయన సెల్లార్ వేరు, ఆయన దారి వేరు.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

నడిపిన వెంటనే, షోరూం గేటు దాటకముందే మార్కులు వేయండి. వెనక సీటు, గతుకులు, బ్రేకు, ఔటర్ మీద స్థిరత్వం, శబ్దం, సర్వీసు, అయిదేళ్ల మొత్తం ఖర్చు: ఒక్కోదానికి పదికి ఎన్ని. ఇంట్లో మిగతావారు మీ మార్కులు చూడకుండా విడిగా వేయాలి. ఇద్దరి అంకెల మధ్య మూడుకు పైగా తేడా వచ్చిన చోట ఆ ఒక్క అంశాన్ని మళ్లీ పరీక్షించండి. వారం తర్వాత రెండోసారి నడిపినప్పుడు మొదటి మార్కులు తారుమారైతే, మీరు మొదటిసారి వేసింది కారు కొత్తదనానికి వేసిన మార్కులని అర్థం. రెండో మార్కులనే నమ్మండి.

నిర్ణయం అయ్యాక, డబ్బు పూర్తిగా కట్టే ముందు మీకు కేటాయించిన కారునే స్వయంగా చూడండి. తయారీ నెల ఎప్పుడో, టైర్ల పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీ ఏమిటో, మీటరు ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఆ నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. దిగుమతి కార్లు గోడౌన్లలో నెలల తరబడి నిలబడుతుంటాయి. ఆరు నెలలకు మించి పాతదైతే తగ్గింపు అడగండి, లేదా వేరే కారు కేటాయించమని రాతపూర్వకంగా కోరండి.